పెట్టె బొమ్మా, డిస్కు బొమ్మా

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో మల్లేశ్వరరావు గారిని ఎరగని హమాలీ లేడు. ఆయన మేడ మీద సొంత సినిమా హాలు కట్టించుకుంటున్నారన్న సంగతి వినని మనిషీ లేడు. హాలంటే మరీ హాలు కాదు, పన్నెండు కుర్చీలు పట్టే గది. గోడలకు ముదురు బూడిదరంగు గుడ్డ, నేల మీద తివాచీ, ఎదురుగా గోడంత తెర. హోం థియేటరంటారు దాన్ని. ఆ తెర బిగించింది, ప్రొజెక్టరు కప్పుకు వేలాడదీసింది, గోడల్లోంచి స్పీకర్ల వైర్లు లాగింది ఒక ఆడమనిషి. ఏలూరు పవర్‌పేటలో టీవీల షాపున్న గుల్నాజ్.

గుల్నాజ్ జిలానీ కూతురు. జిలానీ పేరు చెబితే గూడెంలో పాతవాళ్ళు ఇప్పటికీ "ఆపరేటర్ జిలానీ గారా?" అంటారు. చదివింది మూడో తరగతి. మీసం రాకముందే టూరింగ్ టాకీసులో చేరి, మిషను పడవకెక్కించుకుని కొల్లేటి లంకలన్నీ తిరిగాడు. ఆ తర్వాత గూడెంలో ఒక హాలు క్యాబిన్లో ఇరవయ్యారేళ్ళు బొమ్మ వేశాడు. రీళ్ళు పోయి కంప్యూటర్లు వచ్చాక ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు కూతురి షాపులో స్టూలు మీద కూర్చుంటాడు. కూర్చుంటాడే గాని మాట్లాడడు. "ఆ నోరు తెరుచుకోవాలంటే ఇంటర్వెల్ బెల్లు కొట్టాలి" అని భార్య బీబీ వచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది.

మల్లేశ్వరరావు గారి గదిలో అన్నీ అమరాయి. తేలనిది ఒక్కటే. అంత తెర మీదికి బొమ్మ దేన్లోంచి తేవాలి?

గుల్నాజ్ రెండు నెలల కిందటే తన మాట చెప్పింది.

"బాబాయి గారూ, రోజువారీ చూసుకోడానికి, నెట్‌లోంచి సినిమాలు తెచ్చే నెట్ పెట్టె ఎలాగూ ఉండాలండి. కానీ ఇంత తెర కట్టించుకుని దానికి తగ్గ బొమ్మ చూడాలంటే మాత్రం డిస్కు ప్లేయరు పెట్టుకోవాలండి. బ్లూరే డిస్కులని ఉంటాయి. అసలు బొమ్మ వాటిలో ఉంటుందండి."

మల్లేశ్వరరావు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "డిస్కులేంటమ్మాయ్! అద్దెకిచ్చే షాపులు మూసేసి ఎన్నేళ్ళయింది! మా ఇంట్లో ఉన్న సీడీలన్నీ దారానికి గుచ్చి దొడ్లో జామచెట్టుకి కట్టాం, చిలకలు రాకుండా."

"అవి వేరండి, ఇవి వేరండి."

"గుండ్రంగా ఉండి మెరుస్తాయా లేదా?"

"మెరుస్తాయండి."

"అయితే మా జామచెట్టుకి ఇంకో నాలుగు."

ఈలోగా విజయవాడలో ఒక పెద్ద షోరూము నుంచి ప్రదీప్ అనే సేల్స్ ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబు. నెట్ పెట్టె ఒక్కటి చాలన్నాడు. అరచేయంత ఉంటుంది, ప్రపంచంలో సినిమాలన్నీ అందులోనే ఉంటాయి, బొమ్మ ఫోర్‌కేలో వస్తుంది, డిస్కులు పెట్టుకోవడమంటే ఏసీ గదిలో విసనకర్ర పెట్టుకోవడమేనన్నాడు. మల్లేశ్వరరావు గారికి ఆ మాట నచ్చింది. కానీ ఆయన వ్యాపారి. సరుకు చూడకుండా బేరం ముగించరు.

"సోమవారం మధ్యాహ్నం ఇద్దరూ రండి. నా కళ్ళముందు వేసి చూపించండి. ఎవరి బొమ్మ బాగుంటే ఇకమీదట గది వాళ్ళ చేతికిస్తాను. మార్కెట్లో ఇంకో ముగ్గురు ఇలాంటి గదులే కట్టిద్దామని చూస్తున్నారు. నేను ఎవర్ని పెట్టుకుంటే వాళ్ళనే పిలుస్తారు."

అంటే గుల్నాజ్ నెగ్గితే ఈ జిల్లాలో హోం థియేటర్లు కట్టే మనిషి అవుతుంది. ఓడిపోతే మళ్ళీ మిక్సీలూ, పాడైన రిమోట్లూ. ఆ సంగతి ఆమె నోటితో అనలేదు. జిలానీ అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

సోమవారం పొద్దున్న నమాజు అయ్యాక జిలానీ ముందుగదిలోకొచ్చాడు. బల్ల మీద కూతురి సంచి సర్ది ఉంది. ప్లేయరు, వైర్లు, పైన డిస్కు పెట్టె. తెరిచి చూశాడు. డిస్కు మీద ఓ వేలిముద్ర ఉంది. ఆయన మనసు ఒప్పలేదు. ట్రంకుపెట్టె తీసి అడుగునున్న పచ్చగుడ్డ బయటికి లాగాడు. క్యాబిన్లో లెన్సు తుడిచిన గుడ్డ. హాలు వదిలి వచ్చేటప్పుడు సామానుతో పాటు మూటకట్టి తెచ్చుకున్నాడు. దానితో డిస్కును అరచేతిలో పెట్టుకుని, లెన్సు తుడిచినట్టే, గుండ్రంగా, నెమ్మదిగా, మధ్య నుంచి అంచు దాకా తిప్పి తిప్పి తుడిచాడు. అద్దంలా మెరిసింది. మళ్ళీ పెట్టెలో పెట్టి మూశాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది, చేతనైన పని చేశాడు.

పవర్‌పేట స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కారు. సంచి గుల్నాజ్ ఒళ్ళోనే ఉంది. భీమడోలు దాటాక అడిగింది.

"నాన్నా, చీకటి సీనే చూపిద్దామా?"

"ఊఁ."

"వెలుగులో అయితే ప్రదీప్ గారి పెట్టే బాగా కనబడుద్దేమోనని."

"ఊఁ."

ఆ రెండు ఊఁలకూ ఆమెకు అర్థం తెలుసు. చిన్నప్పుడు సెలవు రోజుల్లో తండ్రితో క్యాబిన్‌కి వెళ్ళేది. ఒకనాడు ఆయన ఆమెను స్టూలెక్కించి చిన్న కిటికీలోంచి తెర చూపించి, "ఎండ సీనులో ఏ మిషనైనా బాగానే ఉంటది. చీకటి సీనులో చూడాల. నల్లటిదాన్లో మనిషి కనబడాల" అన్నాడు. జిలానీ జన్మలో చెప్పిన పెద్ద పాఠం అదొక్కటే. ఆమె దాన్ని పట్టుకునే ఇంత దూరం వచ్చింది.

మల్లేశ్వరరావు గారి భార్య సరళ గారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. ఆవిడ పుట్టిల్లు కొల్లేటి లంక. జిలానీని చూసి, "ఏవండీ, మా ఊరికి గుడారం సినిమా తెచ్చింది మీరేనటగా? పడవ ఒడ్డుకి తగిలితే మేం బళ్ళోంచి పరిగెత్తుకొచ్చేవాళ్ళం" అన్నారు. జిలానీ చేతులు జోడించి తలూపాడు.

"అంతేనండి, మా నాన్న మాట్లాడితే అంతే" అంది గుల్నాజ్.

పైగదిలో ప్రదీప్ అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. లైట్లు తీసేశారు. మొదట తన పెట్టెలోంచి ఒక పాట వేశాడు. పసుపు పూల తోట, ఎర్రచీరలు, నీలం ఆకాశం. వేసేముందు రిమోటుతో ప్రొజెక్టరులో ఏదో మార్చాడు. రంగులు తెర మీంచి దూకి మీద పడ్డాయి.

"అబ్బబ్బా!" మల్లేశ్వరరావు గారు తొడ మీద చరిచారు. "తోటలో కూర్చున్నట్టుందయ్యా! ఇంకా డిస్కెందుకమ్మాయ్?"

వెనక గోడ దగ్గర నిలబడ్డ జిలానీకి ప్రదీప్ చేసింది అర్థమైంది. రంగు ఎక్కువ పెట్టాడు. షోరూముల్లో టీవీలకు పెట్టినట్టు. నోటిదాకా వచ్చింది. మింగేశాడు. ఇది కూతురి పని.

గుల్నాజ్ కంగారు పడలేదు. "బాగుందండి బాబాయి గారూ. ఒక్క మాట అడగనాండి? మీ కొట్టుకి లారీ వస్తే ఉల్లిపాయల బస్తా ఎలా చూస్తారండి?"

"ఎలా చూడ్డమేంటి? గుమ్మరించి చూస్తాను."

"పైన చూస్తే చాలదాండి?"

"పైనేముంటుందమ్మాయ్! పైన ఎవడైనా గుండ్రటి ఎర్రటి పాయలే పెడతాడు. అడుగున ఉంటాయి కుళ్ళినవీ, మొలకలొచ్చినవీ."

"ఈ పాట బస్తా పైభాగమండి. అడుగు చూద్దామా? ఒకే సినిమా, ఒకే సీను, ప్రొజెక్టరులో రంగులు ఇద్దరికీ ఒకటే. ముందు ప్రదీప్ గారి పెట్టెలోంచే వెయ్యమనండి."

మల్లేశ్వరరావు గారు కుర్చీలో ముందుకు జరిగారు. తన మార్కెట్ భాష వినబడేసరికి ఆయనకు హుషారొచ్చింది. "వెయ్యవయ్యా! గుమ్మరించు!"

అదొక పరదేశపు సినిమా. దాని పేరు పలకడం జిలానీ వల్ల కాదు. తెల్లవారకముందు ఒక పెద్ద చెరువు, దాని మీద పొగమంచు, మంచులో ఒక పడవ. గుల్నాజ్ ప్రొజెక్టరును మామూలు రంగుకు తెచ్చింది. ప్రదీప్ తన పెట్టెలో ఆ సీను తీసి వేశాడు.

 సరళ గారు తెర వైపు వంగి చూసి అన్నారు. "అదేంటండీ, మంచు మెట్లు మెట్లుగా ఉంది?"

నిజమే. మంచు ఒక్కటిగా కమ్ముకోలేదు. ముగ్గేసినట్టు గీతలు గీతలుగా విడిపోయింది. నల్లటి నీళ్ళలో గళ్ళు కదులుతున్నాయి. పడవ ఉన్నచోట ఒక నల్లటి ముద్ద ఉంది.

"నెట్ కొంచెం స్లో అయినట్టుంది మేడం" అన్నాడు ప్రదీప్. ఫోనులో నెట్ వేగం కొలిచి చూశాడు. వేగానికేం లోటు లేదు. పెట్టె ఆపి మళ్ళీ వేశాడు. అవే మెట్లు, అవే గళ్ళు.

"మీ నెట్‌ది కాదండి తప్పు" అంది గుల్నాజ్ మెత్తగా. "అంత బొమ్మా వైరులో పట్టదండి. అందుకని వాళ్ళు నొక్కి నొక్కి చిన్న మూట కట్టి పంపుతారు. మన పెట్టె ఆ మూట విప్పుతుంది. ఎండ సీనులో ఆ ముడతలు తెలియవు, చీకట్లో బయటపడతాయి. డిస్కులోనూ కొంత నొక్కుతారు, కానీ మూట చాలా పెద్దదండి."

ప్లేయరులో డిస్కు పెట్టింది. అదే చెరువు, అదే మంచు. కానీ ఈసారి మంచు నీళ్ళ మీంచి లేచి ఒకటిగా పాకింది. చీకటి చీకటిగానే ఉంది, అందులో లోతు కనబడింది. తెడ్డు నీళ్ళలో పడిన చప్పుడు గది వెనక నుంచి వచ్చింది.

"ఏవండీ!" సరళ గారు భర్త చేయి పట్టుకున్నారు. "పడవలో మనిషున్నాడు! అదిగో, వంగుని ఉన్నాడు!"

"ఏడీ... ఓరి! ఉన్నాడే!"

అంతే. బొమ్మ ఆగిపోయింది. మనిషి ముఖం సగంలో చిరిగినట్టయింది. కిర్రుమంది. మళ్ళీ ఒక అడుగు కదిలి ఆగిపోయింది. తెర నీలంగా మారింది.

గుల్నాజ్ మళ్ళీ నొక్కింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఇదమ్మాయ్ డిస్కుల సంగతి" అన్నారు మల్లేశ్వరరావు గారు. ఆయన గొంతులో వెక్కిరింపు కంటే నిరాశే ఎక్కువ ఉంది. "మంచి సీనులో పట్టుకుంటాయి. నేనెరగనా!"

"అందుకేనండి మేం వీటిని అమ్మడం మానేసింది" అన్నాడు ప్రదీప్.

గుల్నాజ్ డిస్కు బయటికి తీసి ఫోను లైటు కింద వాల్చి చూసింది. మధ్య నుంచి అంచు దాకా గుండ్రాలు గుండ్రాలుగా జిడ్డు చారలు. ఆ చారలు ఎవరి చేతివో ఆమెకు చెప్పనక్కర్లేదు. చిన్నప్పటి నుంచి ఆ చేయి అలా తిరగడం చూస్తూనే ఉంది. తలెత్తి తండ్రి వైపు ఒక్క క్షణం చూసి చప్పున చూపు తిప్పుకుంది.

"నాదే పొరపాటండి. సరిగ్గా చూసుకోకుండా తెచ్చాను."

జిలానీకి సంగతి అర్థమైంది. ఆ పచ్చగుడ్డ ఇన్నేళ్ళూ మిషను నూనె డబ్బాతో కలిసి ట్రంకులో పడుంది. నూనె పీల్చుకుంది. ఆ మెరుపు శుభ్రం కాదు, నూనె. తాను చేసిన పనికి కూతురు మాట పోతోంది. పోతుంటే తప్పు తన మీదేసుకుంటోంది.

క్యాబిన్లో ఉన్నన్నాళ్ళు రీలు తెగితే హాలంతా ఈలలేసేది, ఆపరేటర్ని తిట్టేది. జిలానీ ఏనాడూ బయటికొచ్చి సంజాయిషీ చెప్పుకోలేదు. రీలు అతికించి మళ్ళీ వేసేవాడు, అంతే. గూడెంలో ఆపరేటర్ జిలానీ చేతి మీద మచ్చ లేదని పేరు. అదే ఊళ్ళో ఇప్పుడు నోరు విప్పాలి.

గోడ వదిలి నాలుగడుగులు ముందుకొచ్చాడు.

"అమ్మాయి తప్పు కాదండి. నాది." అన్నాడు. "పొద్దున్న డిస్కు నేను తుడిచానండి. పాత గుడ్డ. నూనె గుడ్డ. దానికి తెలియదండి. డిస్కు మంచిదేనండి. తుడిచినోడే మంచోడు కాదు."

 ప్రదీప్ ట్యాబులోకి చూస్తూ ఉండిపోయాడు. మల్లేశ్వరరావు గారు ముసలాయన వంక తేరిపార చూశారు. ఇరవయ్యారేళ్ళు జిలానీ వేసిన బొమ్మ చూసి పెరిగిన మనిషాయన. ఇంతవరకూ ఆయన గొంతు విన్నది లేదు.

"నాన్నా..." అంది గుల్నాజ్.

"కడిగితే పోద్దా?" అన్నాడు జిలానీ.

ఆమె ముఖంలో నవ్వొచ్చింది. "పోద్ది. పిన్నిగారూ, అంట్లు తోమే లిక్విడ్ ఉందాండి?"

"డిస్కు కడుగుతావా తల్లీ?" సరళ గారు నోరు తెరిచారు.

అందరూ వంటింట్లోకి నడిచారు. అరవై వేల ప్లేయరు పైన పెట్టుకుని, కింద పప్పుగిన్నె పక్కన డిస్కు కడగడం ప్రదీప్ కూడా ఎక్కడా చూసి ఉండడు. గుల్నాజ్ వేలికి ఒక్క చుక్క లిక్విడ్ రాసుకుని నురగ చేసింది. కుళాయి సన్నగా తిప్పి కడిగింది. సరళ గారు ఉతికిన మెత్తటి గుడ్డ ఇచ్చారు. గుల్నాజ్ దాన్ని మధ్య కన్నం దగ్గర పెట్టి అంచు దాకా తిన్నగా లాగింది. మళ్ళీ మధ్య నుంచి అంచుకి. బండిచక్రంలో ఇరుసు నుంచి అంచుకు పోయే ఆకుల్లాగా, ఒకదాని పక్కన ఒకటి.

"చూశావా నాన్నా. లెన్సుని గుండ్రంగా తుడవాలి. దీన్ని తిన్నగా తుడవాలి."

"ఎందుకని?"

"దీన్లో బొమ్మ గుండ్రంగా రాసి ఉంటుంది. గీత అడ్డంగా పడితే ప్లేయరు దాటేసి పోద్ది. గుండ్రంగా పడిందనుకో, దారి పొడుగునా గీతే. ఇంక దాటేదెక్కడ?"

జిలానీ ఆ చేతుల్ని చూస్తూ నిలబడ్డాడు. కంగారు లేదు, వణుకు లేదు. ఒళ్ళంతా సిగ్గుతో ఉన్న మనిషికి ఆ సిగ్గులోంచే ఇంకేదో పొంగుకొచ్చింది. తనకు తెలియనిది కూతురికి తెలుసు. తెలియడమే కాదు, తెలియని వాడికి నొప్పి లేకుండా చెప్పగలదు. అది మాత్రం ఆయన నేర్పింది కాదు.

"ఊఁ" అన్నాడు. ఈసారి ఆ ఊఁ గట్టిగా వచ్చింది.

పైకి వచ్చి డిస్కు పెట్టారు. చెరువు, మంచు, పడవ. ఇందాక ఆగినచోటుకు వచ్చేసరికి సరళ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మనిషి ముఖం తెర మీదికి వచ్చింది, ఆగకుండా దాటింది. అతను తెడ్డు ఎత్తాడు. తెడ్డు మీంచి నీటిచుక్కలు ఒక్కొక్కటీ రాలాయి. వెనక రెల్లుగడ్డి చీకట్లో ప్రతి పోచా విడిగా కనబడింది.

"మా ఊళ్ళో తెల్లారుజామున ఇలాగే ఉంటుందండీ" అన్నారు సరళ గారు మెల్లగా. "ఇంత నల్లగానే ఉంటుంది. అయినా అన్నీ కనబడతాయి."

మల్లేశ్వరరావు గారు లేచి తెర దగ్గరికి వెళ్ళారు. బస్తాలోంచి పాయ తీసి చూసినట్టు, నీళ్ళున్న చోట ముఖం పెట్టి చూశారు. ఆ మూలా ఈ మూలా చూసి వచ్చి కూర్చున్నారు.

"సరే అమ్మాయ్. ఒక్కటి చెప్పు. మన సినిమాలన్నీ డిస్కుల్లో దొరుకుతాయా?"

"దొరకవండి. కొన్నే దొరుకుతాయి. కొత్త తెలుగు సినిమాలు చాలామటుకు నెట్ పెట్టెలోంచే చూడాలండి. దానికి పెద్ద ప్లాన్ తీసుకోండి, పెట్టె కూడా ప్రదీప్ గారు చెప్పిందే మంచిది. డిస్కులు మీరు పదే పదే చూసుకునే సినిమాలకండి."

"ఓడిపోయే మాట కూడా నువ్వే చెబుతున్నావేంటి?"

"చెప్పకుండా అమ్మితే రేపు మీరే మా షాపుకొచ్చి బస్తా గుమ్మరిస్తారు కదండీ."

మల్లేశ్వరరావు గారి నవ్వుకు కుర్చీ ఊగింది. "ఏవయ్యా ప్రదీప్! ఆ పెట్టె ఇచ్చేసి వెళ్ళు, డబ్బులిస్తాను. గది మాత్రం ఈ అమ్మాయిది. ప్లేయరు పెట్టమ్మాయ్. ఆ ముగ్గురికీ నేనే ఫోన్ చేసి చెబుతాను, ఏలూరు వెళ్ళండని."

ప్రదీప్ చెడ్డవాడు కాదు. సామాను సర్దుకుంటూ గుల్నాజ్ దగ్గరికొచ్చి, "మేడం, డిస్కు కడగడానికి ఏ లిక్విడ్ అయినా పర్వాలేదా?" అనడిగాడు.

"నిమ్మకాయవి వద్దండి. మామూలుది, ఒక్క చుక్క."

అతను వెళ్ళాక సినిమా మొదటి నుంచి వెయ్యమన్నారు మల్లేశ్వరరావు గారు. జిలానీ మళ్ళీ వెనక గోడకు ఆనుకోబోయాడు. సరళ గారు ఊరుకోలేదు. "అదేం కుదరదండి. మధ్య కుర్చీలో కూర్చోండి. ఇన్నాళ్ళూ మేం కూర్చున్నాం, మీరు నిలబడ్డారు" అని ఆయన్ని కూర్చోబెట్టారు. మెత్తటి కుర్చీ. ఎలా కూర్చోవాలో ఆయనకు తెలియలేదు. అంచు మీదే కూర్చున్నాడు. వెనకాల ప్లేయరు దగ్గర కూతురు బటన్ నొక్కిన చప్పుడు వినబడింది. లైట్లు ఆరాయి.

రెండు గంటల పది నిమిషాలు. బొమ్మ ఒక్కచోట ఆగలేదు. జిలానీ కథ పట్టించుకోలేదు. ఆయన కళ్ళు నాలుగు మూలలూ తిరిగాయి, నల్లటివన్నీ వెతికాయి, ఎక్కడా తప్పు దొరకలేదు. సగం దాటాక వెనక్కి వాలి కూర్చున్నాడు.

లైట్లు వెలిగాయి. మల్లేశ్వరరావు గారు కళ్ళు తుడుచుకుని ఆయన వైపు తిరిగారు.

"ఎలా ఉందండీ జిలానీ గారూ, సినిమా?"

జిలానీ లేచి నిలబడ్డాడు. లుంగీ సర్దుకున్నాడు. తల తిప్పి వెనక వైర్లు చుడుతున్న కూతుర్ని చూశాడు.

"సినిమా సంగతి నాకు తెలియదండి" అన్నాడు. "బొమ్మ మా అమ్మాయి వేసిందండి."